గాజు కడ్డీ నుంచి నీలకంఠ రొయ్య దాకా: మంట మీద గాజు బొమ్మలు చేయడం నేర్చుకునే దారి

టేబుల్‌కి బిగించిన టార్చ్ ముందు కూర్చుని, పెన్సిలంత లావు గాజు కడ్డీని మంటలో తిప్పుతూ, మెత్తబడగానే లాగి, నొక్కి, వంచి బొమ్మ చేసే పనిని ఫ్లేమ్‌వర్కింగ్ అంటారు. కొలిమిలో గాజు కరిగించి పొడవాటి గొట్టంతో ఊదే పనికి పెద్ద షెడ్డు, రాత్రింబవళ్లు మండే కొలిమి, నలుగురు మనుషులు కావాలి. ఈ పనికి గాలి ఆడే ఒక గది, ఒక్క మనిషి చాలు. గోదావరి జిల్లాల్లో ఉంటూ దీన్ని సొంతంగా మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సామాను మన చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుందో, ఏది బయట నుంచి తెప్పించుకోవాలో కూడా చెబుతాను. చివర్లో చేసే బొమ్మ నీలకంఠ రొయ్య. మన చెరువుల్లో, చేపల మార్కెట్లో చూసి చూసి ఉన్న ప్రాణి కాబట్టి దాని ఒడ్డూ పొడుగూ ఎవరూ మనకి నేర్పక్కర్లేదు. పైగా గాజు పనిలో ఉన్న ముఖ్యమైన కిటుకులన్నీ ఆ ఒక్క బొమ్మలోనే వస్తాయి.

ముందుగా ఒక్క సంగతి బుర్రలోకి ఎక్కించుకోండి. బొమ్మలో ఏ రెండు భాగాల మధ్యా వేడిలో పెద్ద తేడా రాకూడదు. గాజు వేడికి వ్యాకోచిస్తుంది, చల్లారితే కుంచించుకుపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల ఒకటి కుంచించుకుపోతూ ఇంకొకటి అలాగే ఉంటే మధ్యలో లాగుడు పుడుతుంది. పగుళ్లు వచ్చేది అక్కడే. కడ్డీ తిప్పడం, ముందుగా వేడి చేయడం, బట్టీలో నిదానంగా చల్లార్చడం, ఇవన్నీ ఈ ఒక్క లాగుడుని తప్పించడానికే చేస్తాం.

ఏ గాజు కొనాలి

బోరోసిలికేట్ గాజు కొనండి. కాలేజీ ల్యాబ్‌లో బీకర్లు, టెస్ట్ ట్యూబులు చేసేది దీంతోనే. ఇందులో సిలికా దాదాపు 80 శాతం, బోరాన్ ఆక్సైడ్ 13 శాతం దాకా ఉంటాయి. కిటికీ అద్దాలు, సీసాలు, గాజులు సోడా గాజుతో చేస్తారు. 10 సెంటీమీటర్ల సోడా గాజు ముక్క 500 డిగ్రీల మేర చల్లారితే సుమారు 0.45 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. అదే కొలత బోరో గాజు 0.17 దగ్గర ఆగిపోతుంది. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, కొత్తవాళ్ల చేతిలో బొమ్మ నిలుస్తుందా పగులుతుందా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. సోడా గాజు తక్కువ వేడికే మెత్తబడుతుంది, పూసలకి బాగుంటుంది. కానీ కాళ్లూ మీసాలూ ఉన్న బొమ్మలకి బోరోనే నమ్ముకోవాలి. రెండింటినీ ఎప్పుడూ కలపకండి. మంటలో చక్కగా అతుక్కున్నట్టే కనిపించి, చల్లారాక అతుకు దగ్గర విడిపోతాయి.

కాలేజీలకి ల్యాబ్ సామాను సప్లై చేసే షాపులు కాకినాడ, రాజమండ్రిలలో ఉన్నాయి. కలపడానికి వాడే గాజు కడ్డీలు అక్కడ అడగండి. అయితే ఆ కడ్డీల్లో కొన్ని సోడా గాజువి కూడా ఉంటాయి, షాపువాళ్లకి తేడా తెలియకపోవచ్చు. తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. మెడికల్ షాపులో గ్లిజరిన్ సీసా కొని, చిన్న గ్లాసులో పోసి కడ్డీ ముంచండి. గ్లిజరిన్ గుండా, బోరో గాజు గుండా వెలుతురు వంగే తీరు ఇంచుమించు ఒకటే. అందుకని బోరో కడ్డీ మునిగిన మేరకు కంటికి కనిపించకుండా పోతుంది. సోడా కడ్డీ అంచులు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. నీళ్లు కలిసిన గ్లిజరిన్ అయితే పరీక్ష సరిగ్గా రాదు.

మొదట్లో 4, 6, 8, 10 మిల్లీమీటర్ల తెల్లగాజు (రంగు లేకుండా అవతలికి కనిపించే గాజు) కడ్డీలు చాలు. రంగు కడ్డీలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. కొనేటప్పుడు వ్యాకోచ సంఖ్య (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె) బోరోకి సరిపడే 33 అని రాసి ఉందో లేదో చూడండి. మన రొయ్యకి కావలసినవి కోబాల్ట్ నీలం, నలుపు, అంతే. వెండి కలిసిన రంగులు మంట తీరుని బట్టి మారిపోతూ ఉంటాయి, చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి, కానీ నేర్చుకునే రోజుల్లో వాటి జోలికి వెళ్తే తప్పు చేతిదో మంటదో తెలియక టెన్షన్ పడతారు.

గ్యాస్, ఆక్సిజన్: ఇక్కడ తొందరపడొద్దు

గ్యాస్ ఏం చేయగలదో కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలుడు చూసిన నేల ఇది. ఆ పైపుల్లో వెళ్లే సహజవాయువు గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోతుంది. మనం వాడే ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుని, గుంటల్లో, మెట్ల కింద, కాలవ తూముల్లో నిలబడుతుంది. వాసన ముక్కుదాకా వచ్చేసరికే కాళ్ల దగ్గర చాలా చేరి ఉంటుంది. అందుకే సిలిండర్ గది బయట, ఎత్తుగా ఉన్న చోట, నీడలో, నిలువుగా పెట్టాలి. పైపు మాత్రమే లోపలికి రావాలి.

ఇంట్లో వంటకిచ్చిన 14.2 కిలోల సిలిండర్ ఈ పనికి వాడకూడదు. అది వంటకే అని నిబంధన ఉంది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. ఇంటి రెగ్యులేటర్ కూడా పనికిరాదు, దాని ఒత్తిడి పొయ్యికి సరిపోయేంతే, టార్చ్‌కి చాలదు. ఒత్తిడి పెంచి తగ్గించుకునే గేజ్ ఉన్న రెగ్యులేటర్ కావాలి. టార్చ్ తయారీవాళ్లు ఇచ్చిన అంకెనే పాటించండి.

ఉత్తి గాలితో మండే మంట బోరో గాజుకి చాలదు. ఈ గాజు మెత్తబడటం మొదలయ్యేది 820 డిగ్రీల దగ్గర, చేతికి అనుకూలంగా జారేది 1,250 డిగ్రీల దగ్గర. అంత వేడికి ఆక్సిజన్ తప్పదు. వెల్డింగ్ షాపులు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆక్సిజన్ సరఫరా ఉంటుంది. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం లాంటి హైవే ఊళ్లలో అస్సలు ఇబ్బంది లేదు. తీరం వెంబడి రొయ్య పిల్లని కవర్లలో ప్యాక్ చేసే హేచరీలకి కూడా ఆక్సిజన్ సిలిండర్లు వెళ్తుంటాయి, కాబట్టి పల్లెల్లోనూ డీలర్ ఆచూకీ దొరుకుతుంది. 7 ఘనపు మీటర్ల సిలిండర్ నిమిషానికి 5 లీటర్లు తాగే చిన్న టార్చ్‌కి 23 గంటల పైచిలుకు వస్తుంది. రెండో దారి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. కోవిడ్ అప్పుడు కొన్నవి చాలా ఇళ్లలో ఇప్పటికీ ఖాళీగా పడి ఉన్నాయి. 5 లీటర్ల మెషీన్ చిన్న టార్చ్‌ని నడుపుతుంది, అధిక ఒత్తిడి సిలిండర్ ఇంట్లో పెట్టుకోవాల్సిన పని తప్పుతుంది. ఒంటరిగా నేర్చుకునేవాళ్లకి నా సలహా ఇదే.

ఆక్సిజన్ దగ్గర నూనె పనికిరాదు. ఈ మాట కోనసీమలో మరీ గట్టిగా చెప్పాలి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే రెగ్యులేటర్ బిగిస్తే, ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్‌కి ఆ జిడ్డు తగిలి అంటుకోవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరాక ముట్టుకోండి. మర బిగుసుకుపోయిందని గ్రీజు పూయొద్దు. సిలిండర్‌ని గోడకి గొలుసుతో కట్టండి, వాల్వ్ నెమ్మదిగా తిప్పండి. గోదావరికి వరద హెచ్చరిక వచ్చినా, తుపాను చెప్పినా, రెండు సిలిండర్లూ మూసి, విప్పి, ఎత్తైన చోటికి చేర్చాకే మిగతా సామాను సంగతి చూడండి.

రెండు పైపులకీ ఫ్లాష్ అరెస్టర్లు తప్పనిసరి. మంట వెనక్కి పైపులోకి పాకితే ఆపేది అదే. గ్యాస్ వైపు మర ఎడమకి తిరుగుతుంది, ఆక్సిజన్ మర కుడికి. బలవంతంగా బిగించాల్సి వస్తోందంటే తప్పు పైపు పట్టుకున్నారని అర్థం. బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు రాసి బుడగ వస్తోందేమో చూడండి. పైపు మార్చినప్పుడల్లా ఇది చేయాలి.

కూర్చునే చోటు

టార్చ్ రెండు రకాలు. గ్యాస్, ఆక్సిజన్ లోపలే కలిసి వచ్చేది ఒకటి, మూతి బయట కలిసేది ఇంకొకటి. బయట కలిసే బెంచ్ టార్చ్ కొనండి. దాంట్లో మంట వెనక్కి పాకే ప్రమాదం చాలా తక్కువ. మంట మీకు ఎదురుగా అవతలి వైపుకి, కొంచెం పైకి చూసేలా బిగించాలి. చెక్క టేబుల్ అయితే పైన సిమెంటు బోర్డు వేసి, దాని మీద రేకు పరవండి. కడప బండ వేసినా సరే, నేరుగా మంట తగిలితే పెచ్చులూడుతుంది, రేకు వేయాల్సిందే.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. మే నెలలో ఈ మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఫ్యాన్ గాలి మంటని ఊపేస్తుంది, గాజుని ఒక పక్క నుంచి చల్లారుస్తుంది. టార్చ్‌కి అవతలి గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, మీ వెనక కిటికీ కొంచెం తెరిచి ఉంచితే గాలి మీ వీపు మీదుగా వచ్చి మంట పొగని లాక్కుపోతుంది. ఇంత వేడి మంట గాలిలోని నైట్రోజన్‌ని కూడా మండించి ఊపిరికి చెడు చేసే వాయువులు పుట్టిస్తుంది, కాబట్టి ఎగ్జాస్ట్ లేకుండా తలుపులు మూసుకుని చేయకండి. తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక కూర్చోండి. పక్కన మజ్జిగ పెట్టుకోండి.

కాటన్ బట్టలు, మూసి ఉన్న బూట్లు. నైలాన్, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటాయి. లుంగీ, చెప్పులు వద్దు, తెగిన వేడి ముక్క సరిగ్గా పాదం మీదే పడుతుంది. కళ్లకి డిడీమియం అద్దాలు వేసుకోవాలి. వేడి గాజులోని సోడియం పసుపు వెలుగుని అవి కోసేస్తాయి, అప్పుడే గాజు రూపం కనిపిస్తుంది. బోరో పెద్ద ముక్కలు, రంగు గాజులు చేసేటప్పుడు కంటికి కనిపించని వేడి కిరణాలు కూడా ఎక్కువ వస్తాయి, వాటికి డిడీమియం ఒక్కటే చాలదు. వెల్డింగ్ షేడ్ 3 కలిసిన అద్దాలు తీసుకోండి.

పనిముట్లు కొన్నే. గ్రాఫైట్ పలక, పొడవు పట్టకారు, రెండు పక్కల నుంచి నొక్కే చదునైన పట్టకారు, మొండి కత్తి, టంగ్‌స్టన్ ముల్లు, గాజు గీసే కార్బైడ్ కత్తి. పట్టకారులు బంగారం పనివాళ్ల సామాను అమ్మే షాపుల్లో మంచివి దొరుకుతాయి. కాలిన గాజు చూడ్డానికి చల్లటి గాజులాగే ఉంటుంది. అందుకే టేబుల్ మీద కుడి పక్క వేడివి, ఎడమ పక్క చల్లనివి అని విడగొట్టుకుని, ఆ అలవాటు ఎప్పటికీ మార్చకండి. చెయ్యి కాలితే ధార కడుతున్న మామూలు కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు.

మంట వెలిగించడం, మంటని చదవడం

ముందు గ్యాస్ కొంచెం తెరిచి వెలిగించండి, తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాస్. టార్చ్ మూతి దగ్గర నీలంగా చిన్న చిన్న మొనలు కనిపిస్తాయి. మంటలో అన్నిటికంటే వేడి ఆ మొనలు దాటిన వెంటనే ఉంటుంది. గాజుని మొనల్లోకి దూర్చకండి, కొంచెం ముందుకి పెట్టండి. ఆక్సిజన్ తక్కువైతే మంట పసుపు రంగు తిరిగి మెత్తగా, పొదలా విచ్చుకుంటుంది. ఇది గాజుని మెల్లగా వెచ్చబెట్టడానికి పనికొస్తుంది, రంగు గాజు మీద మాత్రం మసక తెస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే మొనలు పొట్టిగా, పదునుగా అయి బుస్సుమని శబ్దం వస్తుంది. పని మధ్యలో ఈ రెండు మంటల మధ్య పదే పదే మారాల్సి ఉంటుంది కాబట్టి, చూడకుండానే నాబ్ తిప్పగలిగేదాకా గాజు లేకుండానే సాధన చేయండి.

చేతికి పని నేర్పడం

మొదటి పాఠం తిప్పడం. చల్లటి కడ్డీని ఎడమ చేత్తో పైనుంచి పట్టుకుని, బొటనవేలు, చూపుడువేలుతో ఒకే వేగంతో తిప్పండి. తర్వాత రెండు చేతుల్లో రెండు కడ్డీలు. మధ్యలో కరిగిన గాజు ఉన్నా రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి, లేదంటే గాజు మెలి పడుతుంది. విసుగు పుట్టేదాకా, ఆ విసుగు దాటేదాకా ఇది చేయండి. టీవీ ముందు కూర్చుని చల్లటి కడ్డీలతో చేసినా సరే.

రెండో పాఠం గుండు. కడ్డీ చివరని మంట అంచున కాసేపు వెచ్చబెట్టి, మెల్లగా లోపలికి తెచ్చి తిప్పుతూ ఉండండి. చివర కరిగి, తనంతట తానే గుండ్రంగా ముడుచుకుంటుంది. తిప్పడం ఆపితే కిందకి జారిపోతుంది. గుండు ఒక పక్కకి ఒరిగితే దాన్ని పైకి తిప్పి ఒక్క క్షణం ఆగండి, బరువుకి అదే సర్దుకుంటుంది.

మూడోది లాగడం. ఇక్కడే కొత్తవాళ్లు ఓపిక పట్టలేరు. గుండుని బాగా కరిగించి, మంటలోంచి బయటికి తీసి, ఒకటి రెండు క్షణాలు ఆగి, అప్పుడు పట్టకారుతో కొస పట్టి లాగాలి. అరిసెల పాకం ఎప్పుడు తీగ సాగుతుందో, ఎప్పుడు ఉండకి వస్తుందో చూసే కంటికి ఇది తొందరగా పట్టుబడుతుంది. వెంటనే లాగితే వెంట్రుకలా సాగి తెగుతుంది, ఆలస్యమైతే కదలదు. మధ్యలో నిదానంగా లాగితే 2 మిల్లీమీటర్ల సమానమైన తీగ వస్తుంది. రొయ్య కాళ్లు ఈ తీగలతోనే చేస్తాం, కాబట్టి ఒక డబ్బా నిండా లాగి పెట్టుకోండి. మంటలో ఉండగా ఎప్పుడూ లాగకండి, సన్నగా ఉన్న చోటే ఎక్కువ కాలి తెగిపోతుంది.

నాలుగోది అతకడం. రెండు ముక్కల చివర్లూ ఒకేలా ఎర్రగా మెరిసేదాకా కాల్చి, మంట బయట ఆనించి, కొంచెం వెనక్కి లాగి, మళ్లీ అతుకుని కాల్చండి. అతుకు చుట్టూ గాడి కనిపిస్తూ ఉంటే గాజు పూర్తిగా కలవనట్టే. పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, గాడి కనపడకుండా పోయేదాకా కరిగించండి. బొమ్మని పట్టుకోవడానికి తాత్కాలికంగా అతికించే కడ్డీని పంటీ అంటారు. దాన్ని మాత్రం కావాలనే పైపైన, చల్లగా అతికిస్తాం, తర్వాత తడితే ఊడిరావాలి.

నొక్కి ఆకు చేయడం, ఒక పక్కనే కాల్చి వంచడం కూడా ఈ వరసలోనే నేర్చుకోండి. వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు, చేస్తుంటేనే వస్తాయి.

నీలకంఠ రొయ్య

మార్కెట్లో ఒక రొయ్యని తెచ్చి తెల్ల పళ్లెంలో పెట్టి బాగా చూడండి. తలమీద పెంకు, దాని ముందు పైకి వంగిన రంపపు ముల్లు, వెనక ఆరు కణుపుల ఒళ్లు, తోక మధ్యలో ఒక మొన, దాని రెండు పక్కలా రెండేసి రెక్కలు. నడక కాళ్లు ఐదు జతలు, అందులో ముందు రెండు జతలకి కత్తెరలు ఉంటాయి. రెండో జతే మగ రొయ్యకి ఒంటికంటే పొడుగ్గా, నీలంగా పెరుగుతుంది. ఒక గుర్తు ముఖ్యం. నీలకంఠ రొయ్యలో రెండో కణుపు పక్క రేకు ముందున్న మొదటిదాన్నీ, వెనకున్న మూడోదాన్నీ కూడా కప్పుతుంది. వనామీలో, టైగర్‌లో అలా ఉండదు, ప్రతి రేకూ వెనకదాని మీదకి వస్తుంది. చెరువు మీద బతికేవాళ్లు ఈ తేడా ఇట్టే పట్టేస్తారు. బొమ్మలో ఇది సరిగ్గా వస్తే మిగతా చిన్న లోపాలు ఎవరికీ కనపడవు.

పని మొదలుపెట్టే ముందే బట్టీ వెలిగించి 565 డిగ్రీలకి తెచ్చి ఉంచండి. కాళ్లన్నీ ముందుగానే చేసి పెట్టుకోండి. తెల్ల తీగల్ని రెండు చోట్ల వంచి మూడు జతల వెనక కాళ్లు, కొసన చిన్న చీలికతో మొదటి జత, కోబాల్ట్ కడ్డీ నుంచి కాస్త లావుగా రెండో జత. నీలం కాలి కొసని చిన్న గుండు చేసి, చదును చేసి, వేడిగా ఉండగానే మొండి కత్తితో మధ్యలో చీల్చి, రెండు కొసలూ లాగితే కత్తెర వస్తుంది.

10 మిల్లీమీటర్ల తెల్ల కడ్డీ చివరి 4, 5 సెంటీమీటర్లు కరిగించి గుండు చేయండి. సుమారు 18 మిల్లీమీటర్ల గుండు వస్తుంది. దాని ముందు వైపు 6 మిల్లీమీటర్ల కడ్డీ గట్టిగా అతికించండి. ఇప్పుడు రెండు చేతుల్లో రెండు పిడులు. గుండుని కొంచెం సాగదీసి తల పెంకు ఆకారానికి తెండి. గుండు వెనక 5 సెంటీమీటర్ల మేర కడ్డీని కాల్చి, తోక వైపుకి సన్నబడేలా నిదానంగా లాగండి. పక్కల నుంచి తేలిగ్గా నొక్కితే ఒళ్లు కోలగా అవుతుంది.

కణుపులకి, ఒక్కో చోట చిన్న మంటతో వెచ్చబెట్టి మొండి కత్తితో వీపు మీద గాడి నొక్కండి. పక్క రేకులకి తీగతో చిన్న చుక్క పెట్టి, కరిగించి, చదును చేయాలి. మొదటి, మూడు, నాలుగు, ఐదు కణుపులు ముందు పూర్తి చేసి, రెండోది అన్నిటికంటే ఆఖర్న పెద్ద చుక్కతో పెట్టండి. అప్పుడు అది సహజంగానే రెండు పక్కలకీ కప్పుకుంటుంది. ఆరో కణుపుకి గాడి చాలు.

తర్వాత పొట్ట వైపు మాత్రమే కాల్చి ఒళ్లు వంచండి. తోక వెనకున్న పిడిని మంటతో కోసేసి, మిగిలిన బొట్టుని మొనగా లాగండి. నాలుగు చిన్న గుండ్లని నొక్కి రెక్కలు చేసి, మొన పక్కన రెండేసి చొప్పున అతికించండి.

ఇక్కడి నుంచి ఒక క్రమం పాటించాలి. ఒక భాగం అతికించాక, మొత్తం ఒంటిని పొదలాంటి మెత్తటి మంటలో ఒకసారి అటూ ఇటూ తిప్పాలి. మళ్లీ ఒక భాగం, మళ్లీ ఒక తిప్పు. ఒళ్లు లావు, కాళ్లు సన్నం. మీరు ఎడమ కాలు మీద పనిచేస్తుంటే తోక నిశ్శబ్దంగా చల్లారిపోతూ ఉంటుంది. ఈ తిప్పు మరిస్తే టిక్కుమన్న చిన్న శబ్దం వినిపిస్తుంది, బొమ్మ పోయినట్టే. సన్నని కాళ్లని మాత్రం మంట మధ్యలోకి తేవద్దు, అంచుతోనే సరిపెట్టండి.

కాళ్లు వెనక జత నుంచి ముందుకి అతికించండి. నీలం కాళ్లు ఆఖర్న. అవి గాలిలో తేలుతున్నట్టు వదలకుండా, కొస దగ్గర ఎక్కడో ఒకచోట తల పెంకుకో, వేరే కాలుకో తాకించి అతికిస్తే బొమ్మకి బలం వస్తుంది. కళ్లకి నల్ల చుక్కలు. పొట్ట కింద కాళ్ల మధ్య ఒక పంటీ చల్లగా అతికించి, ఇక బొమ్మని దాంతో పట్టుకోండి. ముందున్న పిడిని కాల్చి, పైకి వంపు వచ్చేలా లాగి కోస్తే రంపపు ముల్లు తయారవుతుంది. దాని పైన చిన్న చిన్న చుక్కలతో పళ్లు పెట్టండి. మొత్తం ఒంటిని ఇంకోసారి వెచ్చబెట్టి, పంటీని తట్టి ఊడగొట్టి, వేడి చేసిన పట్టకారుతో పట్టుకుని వెంటనే బట్టీలో పెట్టండి.

మీసాలు ఇప్పుడే పెట్టాలన్న పట్టింపు వద్దు. జర్మన్ తండ్రీకొడుకులు లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కాలు 1887 నుంచి 1936 వరకూ హార్వర్డ్ కోసం చేసిన గాజు పూలని, అంతకుముందు చేసిన సముద్ర జీవుల్ని ఇప్పటికీ ప్రపంచం కళ్లప్పగించి చూస్తోంది. వాళ్లు జిగురు, లోహపు తీగ, రంగు, ఏది అవసరమైతే అది వాడారు. చల్లారిన బొమ్మకి 1 మిల్లీమీటరు గాజు మీసాలు యూవీ జిగురుతో అతికిస్తే తప్పేమీ లేదు.

బట్టీలో చల్లార్చడం

మంటలోంచి తీసిన గాజులో లాగుడు మిగిలే ఉంటుంది. దాన్ని 565 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపితే గాజు లోలోపల సర్దుకుంటుంది. మన రొయ్యలో అన్నిటికంటే లావు తల, 18 మిల్లీమీటర్లు. దానికి గంటన్నర నిలపండి. తర్వాత నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 480 దాకా, అక్కడి నుంచి నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 300 దాకా దించి, కరెంటు ఆపి, తలుపు తీయకుండా తెల్లారేదాకా వదిలేయండి. లావు రెట్టింపైతే టైము నాలుగు రెట్లు పెంచాలి. లెక్క వేసేటప్పుడు లావైన చోటుని చూడండి, సన్నటి కాళ్లని చూసి తొందరపడొద్దు.

డిజిటల్ కంట్రోలర్ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ బట్టీ కావాలి. ల్యాబ్ సామాను షాపుల్లో దొరికే మఫుల్ ఫర్నేస్ సరిగ్గా సరిపోతుంది. మధ్యలో కరెంటు పోతే తలుపు ముట్టుకోకండి. తర్వాత చల్లటి నుంచి మళ్లీ నిమిషానికి 2, 3 డిగ్రీల చొప్పున వేడెక్కించి, మొత్తం క్రమం మొదటి నుంచి నడపొచ్చు, సాధారణంగా బొమ్మకి నష్టం ఉండదు. రైస్ మిల్లు దగ్గర దొరికే ఊక బూడిదలో పెట్టి చల్లారిస్తే చాలదా అని కొందరు అడుగుతుంటారు. ఊక బూడిద వేడిని బాగా ఆపుతుంది, నిజమే. కానీ గాజుని 565 దగ్గర నిలబెట్టలేదు, కిందికి దిగడాన్ని కొంచెం నెమ్మది చేస్తుందంతే. సన్నటి ఆకులు, తీగలు అందులో పెట్టుకోవచ్చు, తలకాయ లావు బొమ్మ పెట్టకండి. ఆ బూడిద చాలావరకు సిలికానే, కదిపినప్పుడు ముక్కుకి మంచి మాస్క్ ఉండాలి.

లాగుడు పోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరిచి, దాని ముందు బొమ్మ పట్టుకుని, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాల్లోంచి చూడండి. అద్దాలు తిప్పుతూ పోతే ఒక చోట స్క్రీన్ నల్లగా అవుతుంది. అప్పుడు గాజులో ఎక్కడైనా తెల్లటి మెరుపు, రంగుల మచ్చ కనిపిస్తే అక్కడ లాగుడు ఉంది. కాళ్లు ఒంటితో కలిసే చోట్లు ముఖ్యంగా వెతకండి. మెరుపు బలంగా ఉంటే మళ్లీ బట్టీలో పెట్టి, ఈసారి నిలిపే టైము పెంచండి.

చల్లారాక కాలు విరిగితే నేరుగా మంటలో పెట్టకండి, లావైన తల ముందు పగులుతుంది. బొమ్మని బట్టీలో మెల్లగా 565కి తెచ్చి, వేడి పట్టకారుతో తీసి, మంటలో కొత్త కాలు అతికించి, మళ్లీ బట్టీలో పెట్టి పూర్తి క్రమం నడపాలి. విరిగిన చోట పాత ముక్క అంచులు పదునుగా ఉంటాయి, అతికించే ముందు వాటిని గుండ్రంగా కరిగించండి. పాత అంచు అలాగే ఉంచి పైన గాజు కప్పితే లోపల గాలి చిక్కి, అక్కడే మళ్లీ విరుగుతుంది.